అరవయ్యో మెట్టు

నా తర్వాత ఈ పుస్తకం పట్టేవారికి,

భూమి కింది మా బిలంలో దీపాల పని చూసేవాడు, వేసవి అయిపోయి జనం పైకెక్కే రోజున తన పుస్తకాన్ని తర్వాతివాడికి అప్పగించాలి. ఇరవై రెండేళ్లుగా ఆ తర్వాతివాణ్ణి కూడా నేనే. కాబట్టి ఇందులో నేనేం రాశానో ఎవరూ చదవలేదు. ఈసారి కమిటీవాళ్లు నాకు వేరే పని చెప్పారు, పుస్తకం మీ చేతికొస్తుంది. తెరిస్తే మీకు కనబడేది "దీపాలు 212, అన్నీ సరి" అన్న ముక్క, పేజీల కొద్దీ అదే. ఈ దిగుడులో, అంటే ఈ వేసవికి కిందికి దిగినప్పటి నుంచి, నేను రాసిన ఆ ముక్క చాలా రోజులు అబద్ధం. అందుకే కొన్ని రోజుల్ని మళ్లీ రాస్తున్నాను. అప్పుడు పుస్తకంలో రాసింది పైన పెట్టి, దాచింది కింద రాస్తాను.

ఊరించడం నాకు చేతకాదు, ముందే చెప్పేస్తాను. ఈ వేసవిలో నేను చచ్చిపోదామనుకున్నాను. ఖాశింబీ కూతురు మాబున్ని, పదహారేళ్ల పిల్ల, నన్ను బతికించింది. ఎలా బతికించిందో రాసి పెట్టకపోతే నాకు అన్నం సయించదు.

3వ రోజు
*పుస్తకంలో: దీపాలు 212 తగిలించాను. అన్నీ సరి.*

జనం కిందికి దిగడానికి మూడు రోజులు పట్టింది. పరుపులు, రోళ్లు, జొన్న మూటలు, కోళ్ల గంపలు. ఒకాయనైతే ఏకంగా తన పట్టెమంచం తెచ్చాడు. నూట నలభై మూడు మెట్లు నలుగురితో మోయించాక అది గది వాకిట్లో పట్టలేదు. మామూలుగా అయితే ఆ మంచం కథ వారం పాటు బిలమంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి. ఆ రోజు నాకు నవ్వే రాలేదు. పనిలో పడి ఆ సంగతి పట్టించుకోలేదు.

పని ఏమిటంటే, ఇంట్లో ఎంతమంది ఉంటే గుమ్మం మీద అన్ని దీపాలు, ఒక్కోదాని కింద ఒక్కో పేరు. మణికట్టుకున్న పట్టీ మనిషి నిద్రని, గుండెని, నడకని, గొంతుని చూసుకుని దీపానికి చెబుతుంది, తనూ అదే రంగులో వెలుగుతుంది. ఆకుపచ్చ అంటే బాగున్నట్టు. పసుపు అయితే పక్కింటివాళ్లు ఏదో ఒకటి వండి తెచ్చి కాసేపు కూర్చోవాలి. ఎరుపు అయితే డాక్టర్ షమీమ్ గదిలో గంట మోగుతుంది. ఆ మనిషి ఎక్కడుంటే అక్కడికి దగ్గరున్న మూడు చోట్లా మోగుతుంది, ఏ పనిలో ఉన్నా వదిలేసి పరుగెత్తాలి. మా నాన్న కాలంలో ఇవి లేవు. పైన మధ్యాహ్నం యాభై ఎనిమిది డిగ్రీలు కాస్తుంటే ఆరు నెలలు భూమి కింద ముడుచుకుని కూర్చోలేక మనుషులు ఏమైపోయారో ఆయన చెప్పేవాడు. నేను ఆ దీపాలకు ఇప్పటికీ దండం పెడతాను.

వాటితో పాటు ఒక మర్యాద కూడా వచ్చి పడింది. ఆకుపచ్చ దీపం ఉన్న మనిషిని "ఎట్లుండావు" అని అడగకూడదు. అడిగితే "నా దీపం కనపడల్యా?" అని మూతి ముడుచుకుంటారు. ఆకుపచ్చ దీపమున్న తలుపు ఊరికే తట్టడం కూడా తప్పే, నీకేదో అయిందని ఇంటి ముందు నిలబడి చాటినట్టు. ఈ మర్యాదను అందరికంటే గట్టిగా పాటించినవాణ్ణి నేనే. దీపాలవాణ్ణి కదా.

18వ రోజు
*పుస్తకంలో: ఖాశింబీ ఇంట్లో ఒక బల్బు మార్చాను. మిగతావి సరి.*

ఎర్రదీపం నిలకడగా వెలగదు, కొట్టుకుంటుంది. అలా కొట్టుకుని కొట్టుకుని బల్బు పోతుంది. ఈ దిగుడులో మాబున్ని దీపానికి అది మూడో బల్బు. నేను సణుక్కుంటూ స్టూలు భుజాన వేసుకుని వెళ్లేసరికి ఆ పిల్ల గోడకు వీపు ఆనించి కూర్చుని ఉంది. ఎదురుగా డాక్టరమ్మ. వాళ్లమ్మ ఖాశింబీ కుట్టుమిషను వదిలేసి కూతురి అరికాళ్లు రుద్దుతోంది.

"ఏమైందే?" అన్నాను.

"బడి సందులో అందరం ఒగరెనక ఒగరు పోతాంటే వచ్చింది మామా. గుండె దడదడ కొట్టుకునింది. చేతులు తిమ్మిర్లు పట్టినాయి. ఊపిరి అందల్యా. సచ్చిపోతాండానేమో అనుకుంటి."

"పోయిన తూరీ అదే అనుకుంటివి. పోయినావా?"

"ల్యా."

"నా బల్బు మాత్రం పోయింది. నీకు నెలకు మూడు బల్బులు తెచ్చేదానికి నేనేమన్నా నీ మేనమామనా?"

ఆ పిల్ల నవ్వింది. చెమటలు ఆరనే లేదు, అయినా నవ్వింది. వాళ్లమ్మ నన్ను చూసి ఊపిరి పీల్చుకుంది. నా తిట్లు ఆ ఇంటికి పనికొస్తాయని నాకూ తెలుసు కాబట్టి, ఇంకో రెండు తిట్టి వచ్చాను.

దారిలో డాక్టరమ్మ చెప్పింది. "గుండెకేమీ లేదన్నా. ఇది భయం జబ్బు. ఉన్నట్టుండి పైకి లేస్తాది, పది ఇరవై నిమిషాల్లో దిగిపోతాది. ప్రాణం తీయదు. కానీ వచ్చిన చోటికి మళ్లీ పోవాలంటే మనిషికి చేతకాదు, అట్ల ఒక్కో చోటూ వదులుకుంటా పోతారు. మెట్ల దగ్గర దానికి రెండేండ్ల కిందట మొదలైంది. ఇప్పుడు మెట్లంటేనే వణికిపోతాది." ఈసారి దిగేటప్పుడు ఆ పిల్ల కళ్లకు గుడ్డ కట్టుకుని వాళ్లమ్మ భుజం పట్టుకుని దిగింది. ఆ రోజే రెండుసార్లు గంట మోగింది. నాకు గుర్తుంది.

31వ రోజు
*పుస్తకంలో: అన్నీ సరి. ఒక తప్పుడు కోరిక, కుదరదని చెప్పాను.*

మా ఇంట్లోనే ముందున్న నా దీపాల గదికి మాబున్ని వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి గోరు కొరుక్కుంటూ అడిగింది.

"మామా, నా దీపం ఆకుపచ్చగా నిలబెట్టేయ్. నీకు చేతనవుతాది గదా."

"ఏంటికి?"

"బడిలో లెక్కేస్తాండారు, ఈ నెలలో నాకు ఎన్ని ఎర్రదీపాలని. నా పక్క కూచునేదానికి ఎవురూ రారు. నాకు వచ్చినప్పుడల్లా మాయమ్మ పని ఆపి పరిగెత్తుకొస్తాది. పొద్దున లేస్తానే కడుపులో నొప్పి, బడికి పోవాలని లేదు. దీపం బాగుంటే నన్ను వదిలేస్తారు."

తిట్టాను. ఎంత తిట్టానంటే, దీపాల చరిత్ర మొదలుపెట్టి, మా నాన్నను, ఆ పిల్ల తాతను, బల్బులను, అందరినీ చుట్టి వచ్చాను. "అబద్ధం చెప్పే దీపం నా చేతి మీదుగా వెలగదు, పో" అన్నాను. ఆ పిల్ల తల దించుకుని వెళ్లింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నువ్వు బాగా తిడతావు మామా" అంది. కోపంగా అనలేదు.

అప్పటికే నా గుమ్మం మీద నా పేరుతో ఉన్న దీపం, తగిలించిన రోజు నుంచీ అబద్ధం చెబుతోంది.

44వ రోజు
*పుస్తకంలో: అన్నీ సరి. నడుం నొప్పి, మాత్ర తీసుకున్నాను.*

నడుం నొప్పి నిజమే. మెడ నొప్పీ, తల బరువూ నిజమే. డాక్టరమ్మకు అవి చెప్పాను. చెప్పనివి ఇవి.

నిద్ర పట్టేది, కానీ తెల్లవారడానికి చాలా ముందే మెలకువ వచ్చేది. ఇక పట్టేది కాదు. కళ్లు తెరిచేసరికి గుండె మీద ఏదో బరువు పెట్టినట్టుండేది. లేచి ముఖం కడుక్కోవడం కూడా ఒక పెద్ద పనిలా అనిపించి, కడుక్కుందామా వద్దా అని మంచం మీదే అరగంట ఆలోచించేవాణ్ణి. నా భార్య రామలక్షుమ్మ బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి పెట్టింది. పక్కన మిరపకాయ బజ్జీ. నాకు ఉగ్గాని అంటే ఎంత పిచ్చో బిలమంతా తెలుసు. నోట్లో పెట్టుకుంటే తడి కాగితం నమిలినట్టుంది. తిన్నాను, బాగుందన్నాను.

కారణం వెతికాను. ఏమీ దొరకలేదు. ఇంట్లో ఎవరూ పోలేదు, ఎవరితోనూ గొడవ లేదు, రామలక్షుమ్మ పుట్టగొడుగుల మడుల దగ్గర పని చేసి వచ్చి నాతో నవ్వుతూనే మాట్లాడుతుంది. కారణం లేని ఏడుపు ఏడవడానికి సిగ్గుండాలి అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఊళ్లో వాళ్లకు పెట్టే తిట్లు తగ్గి, నాకు నేను పెట్టుకునేవి పెరిగాయి. నా తిట్లకు నవ్వు వచ్చేది కదా, వీటికి రాదు. వినేవాడు లేడు, ఆపేవాడు లేడు.

62వ రోజు
*పుస్తకంలో: అన్నీ సరి.*

ఇక్కడ మీకు పని సంగతి ఒకటి చెప్పాలి. ఇది అందరికంటే బాగా తెలిసినవాణ్ణి నేనే కాబట్టి తప్పు కూడా అందరికంటే నాదే.

పట్టీ మనిషిని ఎవరితో పోలుస్తుంది? పక్కవాడితో కాదు. ఆ మనిషి గడిచిన ముప్పై రోజులతో. నిన్నమొన్నటి వరకు ఎనిమిది గంటలు నిద్రపోయినవాడు ఈ రోజు మూడే నిద్రపోతే పసుపు. మాబున్నికి ఉన్నట్టుండి గుండె పరుగెత్తితే ఎరుపు. కానీ రోజుకు పది నిమిషాల చొప్పున నిద్ర తగ్గుతూ, కొద్దికొద్దిగా మాట తగ్గుతూ, అడుగు బరువవుతూ పోయినవాడి సంగతి? ఈ రోజు నిన్నటిలాగే ఉంది, నిన్న మొన్నటిలాగే ఉంది. పట్టీకి ఆ మనిషి అంతే అని అలవాటైపోతుంది. దీపం చక్కగా ఆకుపచ్చగా వెలుగుతుంది.

ఇది నాకు పట్టీల పని నేర్చుకున్న మొదటి వారం నుంచే తెలుసు. అయినా ప్రతి పొద్దునా నా దీపం చూసి, "బాగానే ఉన్నావు కదరా, ఏమిటి నీ రోగం" అనుకునేవాణ్ణి. నేను తుడిచి తగిలించిన దీపాన్నే నమ్మి, నన్ను నేను నమ్మలేదు.

78వ రోజు
*పుస్తకంలో: అన్నీ సరి.*

రామలక్షుమ్మ ఆ సాయంత్రం జొన్నరొట్టె తడుతూ తడుతూ ఆగిపోయింది. నా వైపు చూసింది. ఏదో అడగబోయింది. తర్వాత గుమ్మం బయటికి వంగి దీపం చూసింది. "అంతా ఆ తల్లి దయ" అనుకుని మళ్లీ రొట్టె తట్టడం మొదలుపెట్టింది.

తను అడగాలని ఎంత కోరుకున్నానో చెప్పలేను. అడిగి ఉంటే కసిరి ఉండేవాణ్ణేమో, అది వేరే మాట.

ఈ రోజు నుంచే నాకు ఆ ఆలోచన మొదలైంది. నేను లేకపోతే వీళ్లందరికీ హాయి అన్న ఆలోచన. పైతలుపు తాళం నా దగ్గరుంటుంది, పైనున్న సోలార్ పలకలు తుడిచేది నేనే కాబట్టి. పొద్దు గుంకాకే తలుపు తీయాలని నియమం. పగలు తీస్తే బయట ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అంతకు మించి ఇక్కడ రాయను. ఆ ఆలోచన నాది కాదు, జబ్బుదని డాక్టరమ్మ తర్వాత చెప్పింది. ఆ రోజుల్లో మాత్రం అది నా గొంతుతోనే మాట్లాడేది.

89వ రోజు
*పుస్తకంలో: అన్నీ సరి.*

మధ్యాహ్నం నా గది తలుపు ఎవరో తట్టారు. ఆకుపచ్చ దీపం కింద నిలబడి తట్టారు. తెరిస్తే మాబున్ని. సందులో పోతున్న ఇద్దరు ఆగి మరీ చూశారు.

"దీపం కనపడల్యా?" అన్నాను.

"కనపడింది మామా. నువ్వు నన్ను తిట్టక పందొమ్మిది దినాలాయ."

నాకు అర్థం కాలేదు.

"నడమ రెండు బల్బులు మార్చినావు. ఊరికే వచ్చినావు, మార్చినావు, పోయినావు. నా దిక్కు చూడను కూడా చూల్యా. మాయమ్మ కూడా అనింది, మద్దిలేటన్నకు మనమీద ఏమన్నా కోపమా అని. నాకు కోపం లెక్క కనపడల్యా." గుక్క తిప్పుకుంది. "నాకు బాగలేనప్పుడు నేనూ అట్లే ఉంటా మామా. లోపల ఉంటా, బయట ఉండను. ఎట్లుండావు?"

ఎట్లుండావు. ఆ మాట నేను ఎన్నేళ్ల తర్వాత విన్నానో. కళ్లలో నీళ్లు తిరిగాయి, అది ఆ పిల్ల చూడకూడదని తలుపు సగం మూశాను. "దీపం చూసి మాట్లాడు. పో, బడికి పో" అన్నాను. తిట్టులా కూడా రాలేదు, పొడిగా వచ్చింది.

తలుపు పూర్తిగా మూశాక కూడా ఆ పిల్ల వెళ్లలేదు. పాదాల నీడ తలుపు కింద కనబడుతూనే ఉంది.

97వ రోజు
*పుస్తకంలో: ఏమీ రాయలేదు.*

పుస్తకంలో రాయలేదు కానీ పలక మీద రాశాను. నా గది బయట ఒక నల్లపలక ఉంటుంది. ఎవరి దీపమైనా పాడైతే నన్ను వెతుక్కోవడానికి వీలుగా, నేను ఎక్కడికి పోతున్నానో సుద్దతో రాసి పోవాలి. ఇరవై రెండేళ్ల అలవాటు. ఆ రోజు కూడా రాశాను: "పైన. మధ్యాహ్నం." ఎందుకు రాశావని డాక్టరమ్మ తర్వాత నన్ను అడిగింది. అలవాటు అన్నాను. ఎవరైనా చదవాలని నాలో ఎక్కడో ఉండి ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది. ఆ పలక ముందు నుంచి ఆ పొద్దు ఎంతోమంది నడిచి వెళ్లారు. మధ్యాహ్నం పైకి ఎవరూ పోరని అందరికీ తెలుసు. కానీ పక్కనే నా దీపం ఆకుపచ్చగా ఉంది.

తాళం తీసుకుని మెట్లెక్కాను. పైకి పోయే కొద్దీ రాయి వేడెక్కుతుంది. నూరో మెట్టు దాటాక గోడ మీద చెయ్యి పెట్టలేం. అక్కడ ఊపిరి కోసం ఆగాను. అప్పుడు కింద నుంచి వినబడింది.

"మామా."

వంగి చూశాను. చాలా కింద, మలుపు దగ్గర, మాబున్ని. గోడకు అతుక్కుని ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. మెట్లు చూస్తేనే వణికే పిల్ల. నేను చూస్తుండగానే కాళ్లు కుప్పకూలి కూర్చుండిపోయింది. రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. మణికట్టు మీద పట్టీ ఎర్రగా కొట్టుకోవడం అంత దూరం నుంచి కూడా కనబడింది.

పైన తలుపు. కింద ఆ పిల్ల. నేను మంచివాణ్ణయి దిగానని అనుకోకండి. ఎరుపు కనబడితే కాళ్లు అటు పరుగెత్తడం ఇరవై రెండేళ్ల పని. కాళ్లే దిగాయి. అరవయ్యో మెట్టు మీద ఆ పిల్ల పక్కన కూలబడ్డాను. వెంటనే నా చొక్కా చెయ్యి రెండు పిడికిళ్లతో పట్టేసుకుంది. పళ్లు టకటకలాడుతున్నాయి, మాట రావడం లేదు, చెమట కారిపోతోంది. అయినా పట్టు మాత్రం వదల్లేదు. విడిపించుకుందామని చూశాను. చొక్కా చిరిగింది గానీ పట్టు వీడలేదు.

కిందనుంచి గంటలు. అడుగులు. మెట్లకు దగ్గరున్న పుట్టగొడుగుల మడుల నుంచి రామలక్షుమ్మ మట్టి చేతులతో ముందొచ్చింది. తర్వాత ఖాశింబీ, తర్వాత ఆయాసపడుతూ డాక్టరమ్మ. అందరూ ఆ పిల్ల చుట్టూ మూగారు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది.

"నన్ను గాదు. మామను చూడండి. మామ చేతిలో ఏముందో చూడండి."

అందరూ నా చేతివైపు చూశారు. చేతిలో పైతలుపు తాళం ఉంది. రామలక్షుమ్మ ముఖం అప్పుడు ఎలా అయిందో నేను రాయలేను. తను వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విప్పి ఆ తాళం తీసుకుంది.

98వ రోజు
*పుస్తకంలో: డాక్టర్ షమీమ్ రాసింది, నేను కాదు. "దీపాలవాడికి సెలవు."*

డాక్టరమ్మ నన్ను తన గదిలోనే ఉంచుకుంది. ఏ ప్రశ్నకూ తొందరపెట్టలేదు. నిద్ర గురించి అడిగింది, తిండి గురించి, నవ్వు గురించి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగింది. అంత నేరుగా అడిగితే ఎంత హాయిగా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. అవునన్నాను.

తర్వాత నా పట్టీని మిషనుకు తగిలించి, పోల్చే ముప్పై రోజుల్ని చెరిపేసి, రెండేళ్ల కిందటి నా లెక్కలు వెతికి పెట్టింది. బాగున్న మద్దిలేటితో ఇప్పటి మద్దిలేటిని పోల్చమంది. గది గుమ్మం మీద తగిలించిన నా దీపం ఒక్క క్షణం ఆగింది. ఆకుపచ్చ నుంచి పసుపు దగ్గర కూడా ఆగకుండా ఎర్రగా కొట్టుకోవడం మొదలుపెట్టింది, డాక్టరమ్మ గంట ఆపేసింది.

నాకు భయం వేయలేదు. హమ్మయ్య అనిపించింది. నేను అబద్ధం ఆడటం లేదు, నాకు నిజంగానే బాగలేదు. రామలక్షుమ్మ ఆ ఎరుపు చూసి నా కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది.

"పొద్దున లేస్తానే దీపాన్నే చూసినా గాని నిన్ను చూల్యా."

"నేనే చూసుకోలేదు" అన్నాను.

"దీన్ని దిగులు జబ్బు అంటారన్నా" అంది డాక్టరమ్మ. "రెండు వారాలు దాటి మనసు బాగలేకుంటే, ఇష్టమైనవి ఇష్టం కాకుంటే, నిద్ర, ఆకలి తప్పితే, ఊరికే తప్పు చేసినట్టు అనిపిస్తాంటే అదే. కారణం ఉండాలని ఏం లేదు. పెద్దోళ్లు నడుం నొప్పి అని వస్తారు, పిల్లలేమో చిరాకు పడతారు, కడుపు నొప్పి అంటారు, సావాసగాళ్లను వదిలేస్తారు. నీ నడుం నొప్పికి మాత్ర ఇచ్చి పంపించిన దాన్ని నేను. నువ్వు నన్ను క్షమించాలి."

డాక్టర్లు క్షమించమని అడగడం నేనెప్పుడూ చూడలేదు. నేనూ రామలక్షుమ్మా ఆమె చేతులు పట్టుకున్నాం.

126వ రోజు
*పుస్తకంలో: దీపాలు 212. రెండు పసుపు, ఒకటి ఎరుపు. ఎరుపు నాదే.*

మాత్రలు వేసుకుంటున్నాను. మూడు వారాలు ఏమీ తెలియలేదు, నోరు ఎండిపోవడం తప్ప. ఇవి పనిచేయవని డాక్టరమ్మతో పోట్లాడాను. పోట్లాడినందుకు ఆమె సంతోషపడింది. రోజూ ఒక గంట ఆమె ముందు కూర్చుని మాట్లాడాలి, ఒక గంట పెద్ద సందులో నడవాలి. నడకకు రామలక్షుమ్మ వస్తుంది. తాళం ఇప్పుడు తన దగ్గరే ఉంది, కొంగున కట్టుకుని తిరుగుతుంది.

ఈ పొద్దున కొర్రన్నంలో చింతకాయ తొక్కు కలిపి పెట్టింది. పులుపు తగిలింది. మొదటి ముద్దకు అనుమానపడ్డాను, రెండో ముద్దకు ఖాయమైంది. నాలుక మీద పులుపు తగిలినందుకు యాభై నాలుగేళ్ల మనిషి కంచం ముందు కూర్చుని ఏడవడం ఎప్పుడైనా విన్నారా? నేను ఏడ్చాను. ఆ తొక్కు పెట్టిన చేతికి, మాత్ర కనిపెట్టిన ఎవరో తెలియని మనిషికి, అందరికీ మనసులో మొక్కుకున్నాను.

కమిటీ కూర్చుంది. పట్టీని ముప్పై రోజులతో పాటు, మనిషి బాగున్న కాలంతో కూడా పోల్చేలా మార్చాలని డాక్టరమ్మ అడిగింది, ఒప్పుకున్నారు. అది సులువే. అంతకంటే పెద్దది రెండోది. వారానికి ఒకసారి ఎవరో ఒకరు ప్రతి తలుపూ తట్టాలి, దీపం ఏ రంగులో ఉన్నా సరే. "తలుపులు తట్టుకుంటా పోతే మర్యాద ఏముంటాది?" అని ఒక పెద్దాయన అడ్డుపడ్డాడు. రామలక్షుమ్మ లేచి, "మర్యాదకు పోయి నేను మొగుణ్ణి పోగొట్టుకునేదాన్ని" అని కూర్చుంది. అదీ ఒప్పుకున్నారు. తట్టే పని నాకిచ్చారు. దీపాలు మీకు వచ్చింది అందుకే.

151వ రోజు
*పుస్తకంలో: మాబున్నిని కలిశాను.*

నా దీపం పసుపులోకి వచ్చి వారం అయింది. డాక్టరమ్మ ఇంకా చాలా దూరం ఉందంటుంది, ఉండనీ. ఇన్నాళ్లూ ఆ పిల్లను చూడటానికి ముఖం చెల్లలేదు. ఈ రోజు వెళ్లాను. ఖాశింబీ మిషను ఆపి, మమ్మల్నిద్దరినీ వదిలి పక్కింటికి వెళ్లింది.

ఆ పిల్ల కూడా డాక్టరమ్మ దగ్గర నేర్చుకుంటోంది. భయం వచ్చినప్పుడు పారిపోకుండా, అది దిగేదాకా కూర్చోవడం. నేను అడగాలనుకున్నది గుండెలో మోసుకుని వచ్చాను కాబట్టి ఆలస్యం చేయలేదు.

"నన్ను క్షమించు తల్లీ. నాకోసమని మెట్లెక్కి నువ్వు ఎంత బాధపడినావో. నా వల్ల నీకు అంత పెద్దది వచ్చింది."

ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది.

"నీకు ఇంగా తెలీదా మామా?"

"ఏంది?"

"నువ్వు నన్ను తలుపు కాడ్నుంచి పంపించినాక నేను ముగ్గురికి చెప్పినా, మామకు బాగలేదు చూడండి అని. బడిలో మా అయివారికి చెప్పినా. అందరూ దీపం ఆకుపచ్చగా ఉండాది గదా అన్నారు. ఆ పొద్దు పలక చూసినా. మళ్లా ఎవురికన్నా చెప్పి, వాళ్లు నమ్మేలోపు నువ్వు పైకి పోయింటావు. నేను పిలిస్తే నువ్వు ఆగవు. నేను పట్టుకుంటే నిలవవు. నా మాటకు ఎవురూ రారు. నా దీపానికైతే అందరూ ఉరికొస్తారు. మెట్లెక్కితే నాకు వస్తాదని తెలుసు గదా. అందుకే ఎక్కినా."

ఆ పిల్ల ఇంకా చెబుతూనే ఉంది.

"అది కూడా ఆ పొద్దు సతాయించింది మామా. రోజూ పిలవకుండా వచ్చేది, పది మెట్లెక్కినా రాల్యా. ఇరవై ఎక్కినా రాల్యా. నువ్వేమో పైకి పోతానే ఉండావు. కాళ్లు వణుకుతాండాయి గాని గంట మోగేంత రాల్యా. ముప్పై, నలభై. రావే, ఈ ఒక్క తూరికి రావే అని ఏడ్చుకుంటా ఎక్కినా. అరవయ్యో మెట్టు కాడ వచ్చింది."

ప్రపంచంలో తనకు అన్నింటికంటే భయమైన దాన్ని, ఆ పిల్ల నాకోసం రమ్మని పిలుచుకుంటూ అరవై మెట్లు ఎక్కింది.

నేను రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చాను. ఆపుకోవాలని చూశాను, ఆగలేదు. చిన్నపిల్ల ముందు ఏడుస్తున్నానన్న సిగ్గు కూడా కాసేపటికి పోయింది.

"ఏడువు మామా" అంది మాబున్ని, నా పక్కకు జరిగి కూర్చుంటూ. "నాకేం పనిలేదు, కూచుంటా."